ఓదెలు జొన్నలు, బీరమ్మ గువ్వలు

కంది ఊరి దగ్గర బొంబాయి రోడ్డు వెడల్పయ్యాక ఓదెలు తన జొన్నకంకులు రోడ్డు మీదే పరిచేవాడు. లారీల చక్రాలే నూర్పిడి చేసేవి. పక్క చేను బీరమ్మ బావి దగ్గరి తుమ్మచెట్టు మీదుండే గువ్వలన్నీ ఆ గింజలకు అటే పోయాయి. రోడ్డూ వాడికే, గువ్వలూ వాడికేనా అని ఆమెకు కడుపు మండింది.

"ఎండకాలమంత నీళ్లు పోసి సాదిన. గిప్పుడు నీ దిక్కు మలుపుకున్నవా ఓదెలూ?"

"నేను పిలిచిన్నా వదినె? నీ గువ్వలైతే తీస్కపో."

అంతలో ఒక లారీ పోయింది. కంకుల మధ్య రెండు గువ్వలు నలిగిపోయి ఉన్నాయి. మిగిలినవి మళ్లీ అక్కడే వాలాయి.

బీరమ్మ కొంగు నడుముకు చుట్టి, బరికె అందుకుని, పొద్దుగూకేదాకా వాటిని తరిమింది.

"జొన్నలకు ఫుకట్ల కావలి దొరికింది," అన్నాడు ఓదెలు పెళ్లాంతో.

బీరమ్మ విన్నది. పళ్లు కొరుక్కుంటూనే ఇంకో గువ్వను లేపింది.