తోమిన డాలరు

పాత నాణేలు కొనే ఓర్విల్ కొట్లోకి టెస్సా వచ్చేసరికి, చంకలోని పిల్లవాడు మళ్లీ దగ్గాడు. ఇంట్లో హీటరు చెడిపోయినప్పటి నుంచి వాడి దగ్గు తగ్గనే లేదు. ఆ బ్యూట్ ఊళ్లో చలి ఇంకా ముదరబోతోంది. కొత్త హీటరు పెట్టించాలంటే తాతనాటి వెండి డాలరు అమ్మడం తప్ప ఆమెకు వేరే దారి లేదు.

"ఏరా, చలికి దగ్గుతున్నావా, నా మొహం చూసా?" అని పిల్లవాణ్ణి పలకరించి చెయ్యి చాపాడు ఓర్విల్. "నువ్వు పంపిన డాలరు ఫొటో చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు తల్లీ. ఇలా ఇవ్వు."

పొద్దున అమ్మమ్మ వెర్నా చేతిలో పెట్టిన మూటను టెస్సా అలాగే అందించింది. ఉతికిన తెల్లటి చేతిరుమాలు. "కొట్టువాడి ముందు మనం మురికివాళ్లలా కనబడకూడదే," అంది అమ్మమ్మ. రుమాలు గురించే అనుకుంది టెస్సా. పిల్లవాడు ఏడుస్తుంటే ముడి విప్పి చూడనేలేదు.

ఓర్విల్ డాలరును తూచాడు. అయస్కాంతం దగ్గరపెట్టాడు, అంటుకోలేదు. వెనక్కి తిప్పి, గద్ద తోక కింద భూతద్దం పెట్టాడు.

"ఉన్నాయి, రెండు చిన్న అక్షరాలు. అరుదుగా దొరికే కార్సన్ సిటీ టంకశాలదే. మీ తాత గని జీతంలో దాచుకున్నదా?"

"అవును. కాఫీ డబ్బాలో."

ముసలాయన నవ్వాడు. టెస్సాకు ప్రాణం లేచివచ్చింది. ఆయన నాణేన్ని దీపం కింద ఇటూ అటూ వాల్చాడు. మళ్లీ వాల్చాడు. నవ్వు పోయింది.

"దీన్ని ఎవరు తోమారు?"

"తోమడమేంటి?"

"ఫొటోలో నల్లగా ఉంది, అంచుల్లో నీలం. ఆ మసక కింద ముద్ర వేసిన నాటి మెరుపు పదిలంగా ఉండేది. ఇప్పుడు చూడు, ఎటు తిప్పినా గీతలే."

టెస్సా చూసింది. గద్ద రొమ్ము మీద వెంట్రుకల్లాంటి గీతలు, అన్నీ ఒకే వాటంగా. ఆ రుద్దుడు ఎవరిదో ఆమెకు తెలుసు. చుట్టాలొస్తున్నారంటే చాలు, అమ్మమ్మ చెంచాలన్నీ వంటసోడాతో అలాగే రుద్దుతుంది.

"ఇప్పుడెంత ఇస్తారు?"

"ఫొటో చూసి నేను చెప్పినదాంట్లో పావు వంతు. హీటరుకి చాలదని నాకూ తెలుసమ్మా. అంతకంటే ఇస్తే నా దగ్గర కొనేవాడుండడు." ఆయన ఆమె కళ్లలోకి చూడలేదు. "డబ్బాలో ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయి. అన్నీ నల్లగానే ఉన్నాయి. వెనక అక్షరాలు నేను చూడలేదు."

"అయితే ఇంటికి ఫోన్ చెయ్యి. వాటికి సబ్బునీళ్లు కూడా తగలకూడదు."

టెస్సా ఫోన్ చేసింది. మోగుతోంది. పొద్దున తను బయల్దేరేటప్పుడు వంటింటి బల్ల మీద కాఫీ డబ్బా, పక్కనే సోడా పెట్టె ఉన్నాయి. అమ్మమ్మ చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ, "నువ్వు వెళ్లిరా, నాకూ పనుంది," అంటే, చెంచాల పనేమో అనుకుని బుగ్గ మీద ముద్దు పెట్టి వచ్చేసింది.

"ఎత్తడం లేదా?" అన్నాడు ఓర్విల్.

"కుళాయి పారుతుంటే ఆవిడకి వినబడదు," అంది టెస్సా.

పిల్లవాడు దగ్గాడు. వాణ్ణి రొమ్ముకు హత్తుకుని, అవతల మోగుతున్న ఫోనును అలాగే చెవికి ఆన్చుకుని నిలబడింది.