గుంతలు తప్పించే మౌలాలి

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు వచ్చే దోవలో గుంత కనిపించగానే మౌలాలి ఆటోను దాదాపు ఆపేసి, ముందు చక్రాన్ని అంచు మీద నడిపించి, వెనక చక్రాలను నిద్రపోయే బిడ్డను దించినట్టు దించాడు. సిమెంటు లారీలు హారన్లు కొట్టుకుంటూ దాటిపోయాయి. బట్టతల, నెరిసిన మీసం, మోకాళ్ల దగ్గర తెల్లబడిన ఖాకీ ప్యాంటు. వాటన్నిటి మీదా ఎప్పుడూ ఒక నవ్వు.

"ఏందప్పా, ఆటో తోల్తాండావా, పల్లకీ మోస్తాండావా?" అన్నాడు వెనక కూర్చున్న రైతు ఆదినారాయణ.

"పెండ్లికొడుకు మాదిరి ఉండావు మామా. పల్లకీలోనే పోవల్ల."

ఆటో అంతా నవ్వింది. ఆ నవ్వుల చాటునే మౌలాలి నాలుగేళ్లు నెట్టుకొచ్చాడు.

పిల్లల కోసం వైద్యం మొదలుపెట్టిన కొత్తలో, భార్య సైదాబీ కడుపులో డాక్టరమ్మ పిండం పెట్టిన రోజున ఆమెను ఈ ఆటోలోనే ఇంటికి తీసుకొస్తూ, లారీకి తప్పుకోబోయి ఆటోను గుంతలో పడేశాడు. నెల తిరక్కుండానే కడుపు పోయింది. గుంత సంగతి ఆమె మరిచిపోయింది. అతను మరవలేదు. ఆ తర్వాత ఆమెను ఆసుపత్రికి బస్సులోనే పంపాడు. ఎందుకని అడిగితే, బాడుగ పోతుందని సాకు చెప్పాడు. ఊరినంతా ఎక్కించుకుంటాడు, నన్ను తప్ప అని ఆమె వీధిలో అతన్ని ఆటపట్టించేది.

రెండోసారీ నిలవలేదు. మూడోసారి నిలిచిందన్నారు. ఈ రోజు స్కానింగులో బిడ్డ గుండె కొట్టుకోవడం చూపిస్తామన్నారు.

ప్రొద్దుటూరులో మనుషుల్ని దించి అతను ఆసుపత్రికి చేరేసరికి, బస్సులో ముందే వచ్చిన సైదాబీ లోపల పడుకుని ఉంది. స్కానింగు తెర మీద బిడ్డ గుండె కదలిక లేదు. డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. సైదాబీ ఒళ్లే తన గొంతులోని థైరాయిడ్ గ్రంథిని పరాయిదనుకుని దాని మీదికి పోతోందట. అలాంటి వాళ్లలో కడుపు పోవడం కొంచెం ఎక్కువట. రోజూ మాత్ర వేసుకుని థైరాయిడ్ సరిగ్గా ఉన్నా, బిడ్డ నిలుస్తుందని మాట ఇవ్వలేమంది.

మౌలాలి అడిగాడు. "మేడం, ఆటో గుంతలో పడితే బిడ్డ జారిపోతాదా?"

జారదంది డాక్టరమ్మ. జారేదయితే ఈ రోడ్ల మీద తిరిగే వాళ్లెవరికీ పిల్లలు ఉండరంది.

బయట బెంచీ మీద తన దిండు వేసుకుని కూర్చుని సైదాబీ అతని వైపు తిరిగింది.

"దీనికా నన్ను బస్సులో తోలింది?"

అతను తలూపాడు. మొదటిసారి అతని దగ్గర ఎకసెక్కం లేకపోయింది.

"పిచ్చి మొగమా. నాతో ఒక్క మాట చెప్పుంటే పోయేది గదా." కొంగుతో ముందు అతని కళ్లు తుడిచింది, తర్వాత తనవి. "ఇంక ఈ సూదులు చాలు మామా. నీ ఆటోలో ఇంటికి తీసకపో. గుంతలు చూడొద్దు."

ఊరు దాటాక మొదటి గుంతలో ఆటో ఎగిరిపడింది. ఆమె కమ్మీ పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. అతను వేగం తగ్గించలేదు.

బస్సు కుదుపులు తగలకుండా ఆమె దూది కూరి కుట్టుకున్న దిండు ఆసుపత్రి బెంచీ మీదే ఉండిపోయింది. ఆమె కూర్చున్న చోట దానిలో పడిన పల్లం ఇంకా లేవలేదు.