ఎఫ్ పధ్నాలుగో కుర్చీ

పొద్దున పదింటికల్లా లెనర్డ్ బాస్కమ్ గౌను తొడుక్కుని, పెదవులకు ఎర్రరంగు పూసుకుని, టీ కప్పుతో రిహార్సలుకొచ్చాడు. థార్న్సీ ఊళ్ళో, సముద్రం మీదికి కట్టిన చెక్కవంతెన చివరనున్న నాటకశాలలో ఏటా క్రిస్మస్‌కి ఆడే నవ్వుల నాటకానికి ముప్ఫయ్యారేళ్ళుగా దర్శకుడూ ఆయనే, జనాన్ని నవ్వించే ముసలమ్మ వేషమూ ఆయనదే.

భార్య ఐవీ పోయి మూడేళ్ళు. ఆమె నవ్వు మాత్రం తను ఎప్పుడూ కూర్చునే ఎఫ్ పధ్నాలుగో కుర్చీలో ఉండిపోయింది. మిగతా కుర్చీలు మనిషి లేవగానే ముడుచుకుంటాయి, అది ముడుచుకోదు. ఆ టికెట్టు ఎవరికీ అమ్మరు. రిహార్సల్లో ఆ కుర్చీ నవ్విన జోకు ఉంచుతారు, నవ్వనిది కొట్టేస్తారు.

ఈ ఏడు అది నవ్వలేదు. కొట్టేస్తూ పోతే రెండు గంటల నాటకం నలభై నిమిషాలకొచ్చింది. మధ్యాహ్నమే మొదటి ఆట.

"ఐవీ, ఒక్కసారి నవ్వవే. నువ్వు లేకుండా నావల్ల కాదే," అని లెనర్డ్ కుర్చీ ముందు కూలబడి బతిమాలాడు. ఉలుకూ పలుకూ లేదు.

నాటకాన్ని ముగించే చివరి రెండు పద్యపాదాలు జనం ముందు తప్ప పలకకూడదని నాటకాలవాళ్ళ నమ్మకం. పలికితే ఆట అయిపోయినట్టే. రిహార్సల్లో అక్కడ "లల్లల్లా" అనేసి ఊరుకుంటారు. కానీ లెనర్డ్ దగ్గర ఇంకేం మిగిలింది?

"వద్దయ్యా లెన్! నీకు పుణ్యముంటుంది, అవి అనకు!" తెర పక్కనుంచి అరిచింది డొరీన్, ముప్ఫై ఏళ్ళుగా అక్కడ తెర లాగే మనిషి.

అనేశాడు.

"పెళ్ళయింది, పిల్లి దొరికింది, పీడ వదిలింది పొండి,
ముసలిదాని ముద్దులన్నీ మూటగట్టుకు వెళ్ళిరండి!"

ఎఫ్ పధ్నాలుగు నవ్వింది. పొట్ట చెక్కలయ్యేలా, చివర్న చిన్న దగ్గుతో, అచ్చం ఐవీయే. లెనర్డ్ కూడా నవ్వాడు. అంతలో కుర్చీ టప్పున ముడుచుకుంది. ఆట అవగానే బస్సు తప్పిపోతుందని లేచి వెళ్ళిపోవడం ఐవీకి అలవాటు.

"లెన్," అంది డొరీన్ తెర పక్కనుంచి వచ్చి. "ఆ టికెట్టు అమ్మమని చెప్పనా?"

"అమ్మెయ్యమను."

మధ్యాహ్నం ఆ కుర్చీలో ఎవరో పెద్దాయన టోఫీ నములుతూ కూర్చున్నాడు. ఆట చివర లెనర్డ్ ముందుకొచ్చి, నోరు తెరిచి, ఆ కుర్చీ వంక చూశాడు. ఆ రెండు పాదాలూ నోట రాలేదు. ఏడుపొచ్చింది. అంత పెద్ద గౌనులో, ముఖం రంగంతా కారిపోతుంటే, వెక్కి వెక్కి ఏడ్చాడు.

హాలు విరగబడి నవ్వింది. ముప్ఫయ్యారేళ్ళలో అంత నవ్వు ఆయనకెప్పుడూ దక్కలేదు. టోఫీ పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ లేచి నిలబడ్డాడు.

"ఇంకోసారి! ఇంకోసారి!"

డొరీన్ తెర దించేసింది. లెనర్డ్ మళ్ళీ ఆ వంతెన ఎక్కలేదు.