వాకీటాకీలో జోయల్ గొంతు

వాకీటాకీల గురించి తనకు ఓనమాలు కూడా తెలియవని గిరిప్రసాద్ అంగడిలో అడుగుపెట్టగానే చెప్పేసింది రేవతి. తిరుపతి గాంధీరోడ్డు వెనక సందులో ఉంది ఆ అంగడి. కల్యాణమండపాలకూ, లాడ్జీ కాపలావాళ్ళకూ, జాతర కమిటీలకూ వాకీటాకీలు అమ్మేదీ బాడుగకిచ్చేదీ ఆయనే.

"ఏం పనికమ్మా?" అన్నాడు గిరిప్రసాద్.

"ఆటకన్నా."

"ఏం ఆట? క్రికెట్టా?"

రేవతి వెనక నిలబడిన మునిచంద్రా జోయలూ ఒకేసారి నవ్వారు. ఈ ప్రశ్న వాళ్ళకు కొత్త కాదు. కాలేజీ రోజుల నుంచి ముగ్గురూ స్నేహితులు. చంద్రగిరి అవతలి కొండల్లో ఏటా 'పాలెగాడు' అనే ఆట జరిపిస్తారు. తిరుపతి, చిత్తూరు, మద్రాసు నుంచి వచ్చినవాళ్ళు వేషాలు కట్టి, స్పాంజి కత్తులు పట్టుకుని, పగలంతా పాలెగాళ్ళుగా, బంట్లుగా బతుకుతారు. ముందే రాసిపెట్టిన మాటలుండవు. ఎవరి వేషానికి తగ్గట్టు వాళ్ళే మాట్లాడాలి.

"మన పక్క భారతం జాతరలో దుర్యోధన వధ నాడు భీముడి వెంట ఊరంతా పరిగెత్తుతాది గదన్నా, అట్లాంటిదే అనుకో," అంది రేవతి. "కాకపోతే మా ఆటలో చూసేవాళ్ళుండరు. అందరూ వేషగాళ్ళే. కొండే మాకు స్టేజీ. ఆడ ఫోన్లు పలకవు. నిరుడు ఒక జట్టు దారి తప్పి పొద్దుగూకేదాకా గుహలోనే కూర్చునింది. అందుకే ఇవి కావాల."

గిరిప్రసాద్ లైసెన్స్ అక్కర్లేని రకాలు రెండు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి నల్లది, బరువుగా ఉంది. ఒక నిమిషం దాటి బటన్ నొక్కి పట్టుకుంటే అదే కీచుమని అరిచి మాట ఆపేసి, అవతలివాళ్ళ మాట వినిపిస్తుంది. రెండోది తేలిక. పక్కన ఉండే బటన్ వెడల్పుగా, మెత్తగా ఉంటుంది. గుడ్డ మీదనుంచి తడిమినా చేతికి తగులుతుంది.

"నల్లది మంచిదే గానీ, మాట మధ్యలో తెగిపోతాదని జనం తిరిగి తెచ్చిస్తారమ్మా," అన్నాడు.

రేవతి తొందరపడే మనిషి కాదు. పరీక్షించి చూస్తానని రెండు రకాలూ అడిగి తీసుకుని, ముగ్గురూ ఆదివారం కొండకు పోయారు. జోయల్ పైగట్టు ఎక్కాడు. మునిచంద్ర వాగు పారే వంకలోకి దిగాడు. రేవతి కింద చింతచెట్ల దగ్గర నిలబడి వింది. రెండు రకాలూ బాగానే పలికాయి. మునిచంద్ర ఆట క్రమమంతా విడమరిచి చెబుతూ ఉంటే నల్లది రెండుసార్లు అతని నోరు నొక్కేసింది.

"మా హెడ్మాస్టరు కూడా ఇంత ఘోరంగా అడ్డం పడడురా అబ్బా!" అని గట్టు మీదనుంచి నవ్వాడు జోయల్. అతను చిత్తూరు పక్క ఒక పల్లె బడిలో డ్రిల్లు సారు. చర్చిలో పాడతాడు. గొంతు ఖంగుమంటుంది. ఆటలో అతనిది వేగులవాడి వేషం. గొంగడి కప్పుకుని కొండంతా తిరుగుతూ, ఒక జట్టు గుట్టు ఇంకో జట్టుకు చేరవేయాలి. "నాకు మెత్త బటన్‌దే ఇప్పించు రేవతీ. గొంగట్లో చెయ్యి పెట్టి తడుముకుంటే సాలు," అన్నాడు.

బరువు, చార్జింగు, వాన, వేషాల గుడ్డలు అన్నీ ఆలోచించే రేవతి తేలికవి తీసుకుంది. ఎవరైనా బటన్ నొక్కి, వదలలేని స్థితిలో పడితే ఏమవుతుందన్నది ఆమెకు తట్టలేదు. ఆ ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

ఆట రోజు ఎండ బాగానే కాసింది. మధ్యాహ్నం దాకా అంతా అనుకున్నట్టే నడిచింది. ఒక పాలెగాడు ఓడిపోయి, తలపాగా తీసి శత్రువు కాళ్ళ దగ్గర పెట్టి నిజంగానే ఏడ్చాడు. రేవతి కిందనుంచి జట్లను నడిపిస్తూ, వాకీటాకీ ఇంత సుఖమని ముందే తెలిస్తే ఎంత బాగుండేదో అనుకుంది.

అంతలో చేతిలోని వాకీటాకీ పెట్టె గరగరమంది. గుడ్డ రాసుకుంటున్న చప్పుడు, రాళ్ళు దొర్లిన చప్పుడు, ఆ వెంటనే ఆయాసం.

"రేవతీ... పడినాను. కాలి మీద బండ పడిండాది. కదల్లేకుండా ఉండా."

ఆమె బటన్ నొక్కి, "యాడుండావు జోయల్? యాడ?" అని అరిచింది.

జవాబు లేదు. మళ్ళీ ఆయాసమే.

"వినపడతా ఉండాదా? మునీ, నువ్వన్నా పలకరా. రెండు గుండ్లు ఆనుకోని ఉండాయే, వాటి సందులో ఉండా. పక్కకు పడినాను. ఎవరన్నా పలకండప్పా."

అప్పుడు అర్థమైంది రేవతికి. పెట్టె అతని ఒంటి కింద నలుగుతోంది. బటన్ నొక్కుకునే ఉంది. అది నొక్కుకుని ఉన్నంతసేపూ అతని ఊపిరి కూడా అందరికీ వినిపిస్తుంది. ఎవరి మాటా అతనికి వినిపించదు. తాము ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలన్నా అతని గొంతే అడ్డం.

ఆమె చానెల్ మార్చి మునిచంద్రను పిలిచింది. అక్కడ ఎవరూ లేరు. జోయల్ గొంతు వదిలి పక్క చానెల్‌కు పోవడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఆమెకూ ఒప్పలేదు. వెంటనే వెనక్కి తిప్పింది.

"...పెట్టె చెడిపోయినట్టుండాది," అంటున్నాడు జోయల్.

ఆ కొండల్లో ఆనుకుని ఉన్న బండగుండ్లు ఒకచోటా? చూసినచోటల్లా అవే. రేవతి పడమటి వాగువంక వైపు పరిగెత్తింది. దారిలో ఎదురైన బంటు వేషగాళ్ళు ఇద్దరు ఆమె చేతిలోని పెట్టె విని ఆగిపోయారు.

"జోయలన్నా? బలే చేస్తా ఉండాడక్కా! ఒళ్ళు జలదరిస్తాది," అన్నాడు ఒకడు.

"ఆట కాదప్పా, నిజంగా పడినాడు!"

వాడి ముఖంలో నవ్వు ఆరిపోవడానికి కొంతసేపు పట్టింది. రెండోవాడు అన్నాడు. "ఇందాక తూరుపు పక్కన ఎవరో కేకేసినారక్కా. మమ్మల్ని వలలో వేసేదానికి శత్రువులు పన్నిన ఎత్తనుకోని, తప్పించుకోని వచ్చేసినాం."

"తూరుపు పక్క యాడ?"

వాడు చెయ్యి చూపించాడు. ఆ చెయ్యి సగం కొండను చూపించింది.

ఒకణ్ణి రోడ్డు దాకా పోయి అంబులెన్సుకు ఫోను చెయ్యమని పంపి, రేవతి తూరుపుకు తిరిగింది. కొంత దూరం పోగానే మునిచంద్ర ఎదురొచ్చాడు. చొక్కా చిరిగి, మోకాళ్ళు గీసుకుపోయి ఉన్నాడు. రేవతి అప్పటిదాకా గాలించిన పడమటి వంకనే అతనూ పైనుంచి గాలించి వస్తున్నాడు. ఇద్దరూ ఒకే వంకలో తిరిగారు. తూరుపు పక్కకు ఒక్కరూ పోలేదు.

"నువ్వు ఆ పక్క పోయింటావనుకున్నా," అన్నాడు మునిచంద్ర.

"నువ్వు పోయింటావనుకున్నా నేను," అంది రేవతి.

ఇద్దరి పెట్టెల్లోనూ జోయల్ మాట్లాడుతూనే ఉన్నాడు. ఇప్పుడు వాళ్ళతో కాదు. "దప్పిగ్గా ఉండాదిమా," అన్నాడు, తల్లి పక్కనున్నట్టు. ఆదివారం చర్చిలో పాడాల్సిన పాట ఎత్తుకుని ఒక మాట దగ్గర ఆగిపోయాడు. కాసేపటికి, "ఒక్కరూ పలకలేదే," అన్నాడు. కోపంగా కాదు, ఆశ్చర్యంగా. ఆ తర్వాత ఊపిరి మాత్రమే వినిపించింది.

రేవతి ఎక్కింది. చేతులతో, మోకాళ్ళతో పాకింది. ఒకచోట పెట్టె ఉన్నట్టుండి కుయ్యిమని కూసింది. రెండడుగులు వెనక్కి వేస్తే తగ్గింది, ముందుకు వేస్తే పెరిగింది. రెండు పెట్టెలు దగ్గరపడితే ఇట్లా కూస్తాయని పరీక్షించిన రోజే చూశారు. ఆ కూతనే పట్టుకుని, "మునీ, ఈడ! ఈడనే!" అని అరుస్తూ బండ చుట్టూ తిరిగింది.

రెండు గుండ్ల మధ్య సందులో, గొంగడి మెడకు చుట్టుకుపోయి, పక్కకు ఒరిగి ఉన్నాడు జోయల్. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆమె పెట్టె ఆపేసింది. కూత ఆగిపోయింది. "జోయల్, వచ్చినాం. నేను రేవతిని. అంతా విన్నాం జోయల్, మొదటినించీ విన్నాం," అంది. ఆ కళ్ళు ఆమె వైపు తిరగలేదు. ఇంకా ఊపిరి ఉంది.

అరుపులు విని వచ్చిన వేషగాళ్ళతో కలిసి బండ దొర్లించారు. పాలెగాళ్ళ పట్టు ఉత్తరీయాలు ముడివేసి, వాటిలో పడుకోబెట్టి దించారు. రోడ్డు కనబడే మలుపు దగ్గర మునిచంద్ర ఆగమని చెయ్యెత్తి, జోయల్ ఛాతీ మీద చెవి పెట్టాడు. చాలాసేపు అలాగే ఉండిపోయాడు. కింద అంబులెన్సు లైటు ఊరికే తిరుగుతూ ఉంది.

జోయల్‌ను సమాధి చేసిన మర్నాడు రేవతి చిత్తూరు పక్క పల్లెకు మళ్ళీ పోయింది. అతని తల్లి కృపామణి అంగన్‌వాడీలో పనిచేస్తుంది. ఇంట్లో చుట్టాలు ఇంకా ఉన్నారు. ఆమె రేవతిని వెనక పెరట్లోకి పిలుచుకుపోయి గడప మీద కూర్చోబెట్టింది.

"నా బిడ్డ మాటలు మీరంతా విన్నారంట గదా. ఏమేం చెప్పినాడో చెప్పు," అంది.

రేవతి చెప్పింది. దప్పికన్నాడని చెప్పింది. పాట సంగతి చెప్పింది. అక్కడ ఆగింది.

"ఇంకా?"

"అంతేమా."

"దాచొద్దు తల్లీ. నేను తట్టుకుంటా."

"ఒక్కరూ పలకలేదే అన్నాడుమా," అంది రేవతి. "మేము పిలస్తానే ఉండాం. గొంతు పోయేదాకా పిలిచినాం. మీవాడు ఒంటరిగా లేడుమా, మేమంతా వింటానే ఉండాం."

కృపామణి పెరట్లోని బట్టల తీగ వైపు చూసింది.

"మీరు విన్నారు సరే," అంది. "వానికి తెలీదు గదమ్మా."

కృపామణి రేవతి భుజం మీద చెయ్యి వేసి, దాన్నే ఆసరాగా చేసుకుని లేచింది. లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. రేవతి తాగేదాకా నిలబడి, గ్లాసు తీసుకుంది.

"ఇంక బయల్దేరమ్మా. మళ్ళా బస్సు దొరకదు."

రోడ్డు మీద తిరుపతి బస్సు వచ్చి ఆగింది. కండక్టరు తలుపులో నిలబడి ఎక్కమని రెండుసార్లు పిలిచాడు. రేవతికి వినపడింది. పలకాలనే అనుకుంది, నోరు రాలేదు. బస్సు కదిలి వెళ్ళిపోయింది.