ఠాణావారి కొత్త పడవలు

బుల్లబ్బాయి పడవ అడుగున చేరిన నీళ్లు తాటిదొప్పతో తోడి గోదాట్లో పారబోస్తున్నాడు. నీళ్లని పేరే గాని నల్లగా, జిడ్డుగా, పైన తెట్టు కట్టి ఉన్నాయి. చెక్కల సందుల్లో పెట్టిన గుగ్గిలం ఎప్పుడో రాలిపోయింది. పొద్దున ఎంత తోడినా సాయంత్రానికి మళ్లీ ఊరతాయి. వంగినప్పుడల్లా ఊపిరి బిగబట్టి, లేచినప్పుడు ముఖం పక్కకి తిప్పి వదులుతున్నాడు.

అది చేపల కంపు కాదు. చేపల కంపైతే పల్లెకారి ఇంట పుట్టినవాడికి అన్నం వాసనలాంటిది. ఇది మనుషుల కంపు. ఏటిలో తేలిన శవాలను ఈ పడవలోకే లాగారు. లంకల్లో కల్లు తాగి, ఊళ్లలో కోళ్లు గుంజుకుని వచ్చిన బంట్రోతులు ఈ పడవలోనే కక్కుకున్నారు. చేతులు వెనక్కి విరిచి కట్టిన మనుషులు ఈ చెక్కల మీదే పడి, దెబ్బలకి తాళలేక ఉన్నచోటే పాడుచేసుకున్నారు. అన్నిటినీ కడిగినవాడు బుల్లబ్బాయి. కడిగిందల్లా చెక్కలోకి ఇంకిపోయింది.

పేరుకు బుల్లబ్బాయే గాని జుట్టంతా ముగ్గుబుట్ట. పొట్టి మనిషి. భుజాలు మాత్రం మనిషికి మించి వెడల్పు. గెడకర్ర పట్టీ పట్టీ అరచేతులు కాయలు కాచి కొబ్బరిపీచు రంగుకి తిరిగాయి. కాళ్లు మోకాళ్ల దాకా ఎప్పుడూ నానినట్టు పాలిపోయి ఉంటాయి. సాయంత్రం ఇంటికెళితే భార్య అమ్మాజీ గుమ్మం తొక్కనివ్వదు. పెరట్లో కుండతో నీళ్లూ, కుంకుడు రసమూ పెట్టి, "ఆ ఠాణా కంపు అక్కడే ఒదిలి రా" అంటుంది. ఒళ్లు మండేలా తోముకుని వచ్చినా, పడుకున్నాక ఆవిడ అటు తిరిగే పడుకుంటుంది. అందుకు ఆమెని అతనెన్నడూ తప్పు పట్టలేదు.

ఆ వేళ ధవళేశ్వరం నుంచి రెండు కొత్త పడవలు ఠాణా రేవుకి దిగాయి.

ఆనకట్ట కట్టి పదేళ్లు దాటింది. కొత్త పోలీసు వచ్చి ఏడాదయింది. అమీనుగారు పోయి ఇనస్పెక్టరు కేశవరావుగారు వచ్చారు. బంట్రోతులు కనిష్టీబులయ్యారు. వాళ్ల ఒంటి మీదికి నీలం చొక్కాలు వచ్చాయి. ఇప్పుడిక గస్తీ పడవల వంతు. రెండూ తెల్లరంగు వేసుకుని, అంచున ఎర్రగీతతో, పెళ్లిపీటల్లా ఉన్నాయి. కేశవరావుగారు స్వయంగా బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. సాయంత్రం సూపర్నెంటు దొర వాటిని చూడడానికి వస్తారు. పొద్దుటి నుంచి ఠాణా అంతా పేడనీళ్లు చల్లడం, తోరణాలు కట్టడం.

పాత పడవ వైపు చూసి కేశవరావుగారు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"దీన్ని రేపు విరగ్గొట్టి తగలెట్టించేస్తాను, బుల్లబ్బాయీ. దొరగారి కంట పడకుండా ఆ పొదల చాటుకి లాగెయ్."

"ఆయ్, చిత్తమండి."

ఆ మాట అంటున్నప్పుడు బుల్లబ్బాయికి ఒక పక్క సంతోషంగానే ఉంది. కాలిపోతే పీడా పోతుంది.

మధ్యాహ్నం కనిష్టీబు సత్తిరాజు పరుగున వచ్చాడు. మూతి మీసాలు ఇప్పుడిప్పుడే దిద్దుతున్నవాడు.

"ఖైదుకొట్టులో ఉన్న ఏసుపాదానికి గత్తర తగిలిందండి. వాంతులూ, విరేచనాలూ. గదంతా..." అని మిగతాది చెప్పలేక ఉమ్మేశాడు.

ఏసుపాదం లంక మాలపల్లె మనిషి. నరసాపురం మిషను దొరల దగ్గర మతం పుచ్చుకుని ఆ పేరు తెచ్చుకున్నాడు. ముక్తేశ్వరం ఆసామి తోటలో కొబ్బరికాయలు దించాడని పట్టుకొచ్చి ఖైదుకొట్టులో పడేశారు. కాలవలో కొట్టుకొచ్చిన కాయలు ఏరుకున్నానని అతను చెబుతూనే ఉన్నాడు. ఒప్పించడానికి రెండు రాత్రులు కొట్టారు.

కేశవరావుగారి ముఖం ముడుచుకుంది. "చావడానికి వీడికి ఈ రోజే దొరికిందిరా! ఠాణాలో పోతే దొర నన్ను నిలబెట్టి అడుగుతాడు." కాసేపు తోరణాల వైపు చూశారు. "బుల్లబ్బాయీ, ఆ పాత పడవెక్కించి ఎగువ ఇసకతిప్ప మీద దింపేసి వచ్చెయ్. సత్తిరాజూ, నువ్వు తోడెళ్లు. కొత్త పడవల జోలికి రాకండి."

తిప్ప మీద ఇల్లు లేదు, చెట్టు లేదు. దింపడమంటే ఏమిటో ముగ్గురికీ తెలుసు.

"ఆయ్" అన్నాడు బుల్లబ్బాయి. ఎన్నేళ్లుగానో అతను అంటున్న మాట అది.

కొట్టు తలుపు తీస్తే ఈగలు ముసురుకుని మీదికొచ్చాయి. మాలవాణ్ణి ముట్టుకోవడానికి ఒక్క కనిష్టీబూ రాలేదు. చాప కొసలు పట్టుకుని ఈడ్చుకుపొమ్మన్నారు. రేవు మెట్ల మీద చాప చిరిగింది. బుల్లబ్బాయి పళ్లు బిగించి ఆ మనిషిని భుజాన వేసుకున్నాడు. ఎండుకొబ్బరాకులా తేలిగ్గా ఉన్నాడు. సగం మెట్లు దిగేసరికి వీపు మీద వెచ్చగా కారింది. బుల్లబ్బాయి అతన్ని పడవలో దింపి, అటు వంగి తనూ కక్కుకున్నాడు. వీడూ, వీడి చావూ నాకెందుకు తగులుకోవాలి అనుకున్నాడు.

సముద్రపు పోటు ఎగువకి తంతోంది. పడవ దానంతటదే సాగుతోంది. సత్తిరాజు ముందు కొసన కూర్చుని తలగుడ్డతో ముక్కు కట్టుకున్నాడు.

"నీళ్లండీ" అన్నాడు ఏసుపాదం.

"ఇవ్వకు, ముసలోడా. నీళ్లిస్తే ఇంకా పెరుగుద్ది" అన్నాడు సత్తిరాజు.

బుల్లబ్బాయి తన ముంత ఎత్తి, అలవాటు కొద్దీ పైనుంచి పోశాడు. సగం గొంతులోకి పోయింది, సగం చెంపల మీదుగా కారింది. కొంతసేపటికి అదీ బయటికొచ్చేసింది. చెక్కలన్నీ పాడయ్యాయి.

అప్పుడు ఏసుపాదం మోచేతి మీద లేవబోయాడు. లేవలేకపోయాడు. పడుకునే చెయ్యి చాపి, అరచేత్తో చెక్కను తుడవడం మొదలుపెట్టాడు. తుడిచినకొద్దీ అది మరింత పరుచుకుంటోంది. అయినా తుడుస్తున్నాడు.

"ఠాణావారి పడవ పాడుచేసేనండి. కోప్పడకండి. లేవగానే కడిగేత్తానండి."

బుల్లబ్బాయి చేతిలో గెడ ఆగిపోయింది. ఈ పడవలో ఎక్కించినవాళ్లు ఏడ్చారు, తిట్టారు, కాళ్లు పట్టుకున్నారు. కడుగుతానన్నవాడు ఒక్కడూ లేడు. ఆ కుళ్లు చెక్క మీద తిరుగుతున్న చేతిని చూస్తుంటే అతనికి మళ్లీ రోత పుట్టింది. అయితే ఈసారి ఆ రోత ఏసుపాదం మీద కాదు.

"ఒదిలెయ్యరా. నేను కడుగుతాను" అన్నాడు.

ఇసకతిప్ప వచ్చింది. సత్తిరాజు లేచి నిలబడ్డాడు. బుల్లబ్బాయి గెడ వేస్తూనే ఉన్నాడు.

"ఆపవేం? ఇక్కడే కదా!"

"ఆళ్ల పల్లె ఇంకాస్త పైనండి. ఇంటికాడ దింపేద్దామండి."

"నీకేమన్నా పిచ్చెక్కిందా? ఇనస్పెక్టరుగారు ఏం చెప్పేరు?"

"చెప్పేరండి."

"నా ఉజ్జోగం పోద్ది!"

"అయితే మీరు దిగండి బాబూ. తిరిగొచ్చేప్పుడు ఎక్కించుకుంటాను."

సత్తిరాజు ఏసుపాదాన్నీ, నీళ్లనీ మార్చి మార్చి చూశాడు. చివరికి నీలం చొక్కా పైకెత్తిపట్టి మోకాలి లోతులో దిగి, బూతులు తిడుతూ తిప్ప ఎక్కాడు. అతన్ని అక్కడే వదిలి పడవ ముందుకు పోయింది.

ఏసుపాదం ఇల్లు ఏటి గట్టు మీదే. అతని భార్య జీవరత్నం కొబ్బరిపీచు దంచుతోంది. ఠాణా పడవని చూడగానే పల్లెలో ఆడవాళ్లు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. ఆమె ఒక్కతే గట్టు దిగి వచ్చింది. ఇద్దరూ కలిసి అతన్ని మోసుకెళ్లి పంచలో పడుకోబెట్టారు. ఏసుపాదం కళ్లు తెరిచి తాటాకు చూరుకేసి చూశాడు.

"ఇల్లేనా, రత్నం?"

"ఇల్లే. నీ ఇల్లే" అంది ఆమె. తడిగుడ్డతో అతని మూతీ మెడా తుడిచింది. వీపు తుడుద్దామని పక్కకి తిప్పి, అలాగే ఉండిపోయింది. వీపంతా నల్లగా కమిలి, తోలు లేచి ఉంది.

ఆమె తలెత్తి బుల్లబ్బాయి చేతుల వంక చూసింది.

"నువ్వేనా?"

"కాదమ్మా. నేను పడవోణ్ణి."

ఇన్నేళ్లూ ఎవరడిగినా చెప్పిన మాటే అది. అడగకపోయినా తనకి తను చెప్పుకున్న మాట. ఇవాళ అది నాలుక మీద మురుగునీళ్లలా తగిలింది. అతను అక్కడ నిలబడలేక ఏటి ఒడ్డుకి దిగి, ఇసకతో చేతులు రుద్దుకుంటూ కూర్చున్నాడు. ఎంత రుద్దినా లేవబుద్ధి కాలేదు.

కాసేపటికి జీవరత్నం గట్టు మీదికి వచ్చి నిలబడింది.

"పోయేడు" అంది. మళ్లీ తనే, "నీళ్లు తాగేడు. నిలిచేయి, కక్కలేదు" అంది.

బుల్లబ్బాయి చేతులు జోడించి పడవెక్కాడు.

తిప్ప మీద సత్తిరాజు ఎండకి కమిలిపోయి ఉన్నాడు. "చచ్చేడా?" అని అడిగి, జవాబు వినకుండానే ఉమ్మేసి ఎక్కాడు. రేవుకి చేరగానే ముందు తనే దూకి, జరిగిందంతా ఇనస్పెక్టరుగారికి చెప్పేశాడు.

బుల్లబ్బాయి పాత పడవని పొదల చాటున కట్టేసి వచ్చి నిలబడ్డాడు. తిట్లకీ, దెబ్బలకీ కూడా సిద్ధపడే వచ్చాడు. కేశవరావుగారు తాంబూలం నముల్తూ కాసేపు ఆలోచించారు. తర్వాత నవ్వారు.

"మంచిపనే చేసేవయ్యా! నాకే తట్టలేదు. తిప్ప మీద శవం దొరికితే ఎవరిదని అడుగుతారు. ఇంట్లో గత్తరొచ్చి పోయినవాణ్ణి ఎవడడుగుతాడు? నీలాంటి తెలివైనవాడే కొత్త పడవకి ఉండాలి."

బుల్లబ్బాయి ఎదురుతిరిగి చేసిన ఒకే ఒక్క పని కూడా వాళ్లకే అక్కరకొచ్చింది. ఆ తాంబూలం వాసన, కొత్తరంగు వాసన, పేడనీళ్ల వాసన కలిసి గొంతులోకి వచ్చాయి.

కేశవరావుగారు లోపల్నించి ఒక ఎర్ర తలపాగా తెప్పించి అతని చేతుల్లో పెట్టించారు. "శుభ్రంగా స్నానం చేసి ఇది చుట్టుకో. ఇవాళ దొరగారిని తెల్లపడవలో నువ్వే తిప్పాలి."

బుల్లబ్బాయి "ఆయ్" అనలేదు. రేవు మెట్లు దిగి, తెల్లపడవలో ఒక కాలు పెట్టి, బల్ల మీదికి వంగాడు. తర్వాత కాలు వెనక్కి తీసుకుని, గట్టు వెంట తమ పల్లెవైపు నడిచిపోయాడు. స్నానానికే వెళుతున్నాడనుకుని ఎవరూ పిలవలేదు.

పొద్దు వాలుతుండగా దొరగారి పల్లకీ బోయీల కేకలు వినిపించాయి. కనిష్టీబులు వరసగా నిలబడ్డారు. కేశవరావుగారు "బుల్లబ్బాయేడీ? ఎక్కడ చచ్చేడు?" అంటూ రేవులోకి పరుగెత్తారు. తెల్లపడవలో మనిషి లేడు. గెడ వేసేవాడి బల్ల మీద ఎర్ర తలపాగా, లోపల్నించి తెచ్చినప్పటి మడతల్లోనే, విప్పకుండా ఉంది.