మొలతాడు తీసి తూచండి

నేను ఒక వేలాడే కాటాను. గుండ్రటి ముఖం, మధ్యలో ఒక ముల్లు, కింద ఒక కొక్కెం. దూరం నుంచి చూసినవాళ్లు గోడ గడియారం అనుకుంటారు కానీ టైం చెప్పడం నాకు రాదు. కొక్కేనికి ఏది తగిలిస్తే దాని బరువు చెబుతాను. నా లోపల ఉన్నదల్లా ఒక స్ప్రింగు. బరువు దాన్ని లాగుతుంది, అది ముల్లును తిప్పుతుంది. నా చదువంతా ఇంతే.

ఎక్కడో ఉత్తరాదిలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నా ముఖం మీద అంకెలు అచ్చువేసిన అమ్మాయి పని చేస్తున్నంతసేపూ ఏదో పాట కూనిరాగం తీసేది. అంకెలన్నీ అందుకే కాస్త హుషారుగా ఉంటాయని నా నమ్మకం. అక్కడి నుంచి పాలమూరు వైపు ఒక చింతపండు వ్యాపారి దగ్గరికి వచ్చాను. పొద్దున కొనేటప్పుడు నేను తక్కువ చూపిస్తే బాగుండునని ఆయనకు ఉండేది. సాయంత్రం అమ్మేటప్పుడు ఎక్కువ చూపిస్తే బాగుండునని ఉండేది. అదే మనిషి, అదే చింతపండు. కరెంటు కాటాలు వచ్చాక నన్ను ఊరికే ఇచ్చేశాడు.

నన్ను తీసుకున్నది వామనరావు మాస్టారు. రిటైరయ్యాక ఆయన 'చిగురు' అనే స్వచ్ఛంద సంస్థ నడుపుతున్నారు. ముద్ర ఉన్న రాళ్లతో నన్ను సరిచూపించి, నా కొక్కేనికి చిలకల బొమ్మలున్న గుడ్డ ఉయ్యాల కుట్టించారు. అప్పటి నుంచి నా పని పసిపిల్లలను తూచడం. చింతపండు బస్తాలు ఎప్పుడూ కాళ్లు ఆడించలేదు, నన్ను చూసి నవ్వలేదు. ఉయ్యాల తడిపిన బస్తా కూడా లేదు. ఇంత సంతోషకరమైన ఉద్యోగం నాకు దొరుకుతుందని ఆ షెడ్డులో ఎవరూ చెప్పలేదు.

చిగురు వాళ్లు ఎర్రగుట్టపల్లిలో చిన్నపిల్లలకు రాగి జావ పొడి పంచుతారు. పొడి ఇచ్చేది నగరంలోని ఒక ట్రస్టు. అంతకుముందు రిపోర్టు అంటే ఎన్ని పొట్లాలు పంచాం, ఎన్ని ఫొటోలు తీశాం, అంతే. పంచిన పొట్లాల లెక్క ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుంది కాబట్టి మనుషులకు ఆ లెక్క అంటే ప్రాణం. ఈసారి మాత్రం ట్రస్టు వాళ్లు పొట్లాల లెక్క వద్దన్నారు. జావ తాగిన పిల్లల్లో ఏం మార్పు వచ్చిందో చెప్పమన్నారు. పొడి ఇకముందు ఇవ్వాలో లేదో దాన్ని చూసి తేలుస్తారట.

జావ మొదలుపెట్టిన రోజు ఒకసారి తూచారు, మూడు నెలల తర్వాత మళ్లీ తూచారు. రెండోసారి తూచినప్పుడు మాస్టారి ముఖం వాడిపోయింది. పిల్లలు ఏమాత్రం పెరగలేదు. కొందరైతే తగ్గారు కూడా.

ఆ రెండో తూకానికే హిమజ కొత్తగా చేరింది. కృష్ణా జిల్లా అమ్మాయి, ఎమ్మెస్సీ చదివింది. పెళ్లయి ఈ మధ్యే ఇక్కడి టౌనుకు వచ్చింది. చేతుల గోరింట ఇంకా పోలేదు. భర్త నిశాంత్ స్కూటరు నడుపుతుంటే నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. గతుకు వచ్చినప్పుడల్లా నా ముల్లు ఎగిరిపడేది, ఆమె నవ్వేది, ఆమె నవ్వుతోందని అతను ఇంకో గతుకు వెతికేవాడు. ఆ పిల్లలు ఎందుకు పెరగలేదో తెలుసుకుని తీరాలని ఆమె పట్టుబట్టి, మరుసటి ఆదివారమే నన్ను తీసుకుని ఆ ఊరికి వెళ్లింది.

బడి వరండాలో నన్ను దూలానికి వేలాడదీయగానే ఆడవాళ్లు చుట్టూ మూగారు. వాళ్లు చూడవచ్చింది నన్ను కాదు, కొత్త పెళ్లికూతుర్ని. వాళ్లలో పెద్దావిడ బుచ్చమ్మ ఆమె పాదాల వంక తేరిపార చూసి అంది:

"నీ పట్టీలు మస్తు బరువున్నట్టున్నయి బిడ్డా. అత్తగారు పెట్టిందా? ఏదీ, గా కాటాలెయ్యి, మీ అత్త ఎంత పెద్ద మనసుదో చూస్తం."

హిమజ సిగ్గుపడుతూనే పట్టీలు విప్పి చిలకల ఉయ్యాలలో వేసింది. గాజులు కూడా వెయ్యమని ఎవరో ఉసిగొల్పారు, అవీ వేసింది. నా ముల్లు కదిలింది. ఆడవాళ్లంతా అత్తగారిని మెచ్చుకుంటూ నవ్వుతున్నారు. హిమజ మాత్రం నవ్వు ఆపి ముల్లునే చూస్తూ నిలబడిపోయింది. మూడు నెలల్లో ఒక పసిబిడ్డ పెరగాల్సిన బరువులో సగం ఆ సొమ్ములే తూగుతున్నాయి.

"అవ్వా, మొదటిసారి తూచిన రోజు పిల్లలకి ఒంటి మీద ఏమేం పెట్టారు?"

"ఏం పెట్టలే?" అంది బుచ్చమ్మ. "ఫొటోలు దిగుతరు, పిల్లల్ని మంచిగ తయారుచెయ్యిన్రి అని మీవోళ్లే అంటిరి. స్వెటర్లు తొడిగినం, బూట్లేసినం, కాళ్లకు కడియాలు పెట్టినం. వెండి మొలతాడు ఊర్ల మా ఇంట్లనే ఉండె. ఒకని నడుముకెల్లి తీసుడు, ఇంకొకనికి కట్టుడు. ఒట్టి నడుముతోని ఫొటో దిగితే ఏం మంచిగుంటది?"

అదీ సంగతి. మొదటి రోజు సంబరానికి ముస్తాబైన పిల్లలను తూచాను. రెండో రోజు తల్లులు చేను నుంచి నేరుగా తెచ్చిన పిల్లలను తూచాను. నాకు పిల్లా వెండీ వేరు కాదు, వేలాడిందల్లా బరువే. ఫొటో కోసం చేసిన హడావిడి తూకాన్ని చెడగొట్టిందని చదువుకున్నవాళ్లలో ఎవరికీ తట్టలేదు, తూచినవాళ్లే ఫొటోలూ తీశారు మరి.

మాస్టారు ఈ మాట విని ఊరట చెందారు. అందరికీ ఒక అందాజా బరువు తగ్గించి రాసేద్దామన్నారు. హిమజ ఒప్పుకోలేదు. ఇంటింటికీ తిరుగుదామంది. తిరిగాం కూడా. నన్ను గుమ్మాలకు, పందిరి రాటలకు, ఒకచోట ఎద్దుల బండి నొగకు వేలాడదీశారు. ఇంతటి ఊరేగింపు నాకు ముందెన్నడూ జరగలేదు. మొదటి తూకం రోజు ఏ బిడ్డకు ఏం తొడిగారో తల్లులను అడిగి, ఆ కడియాలనే, ఆ బూట్లనే తూచారు. బుచ్చమ్మ మొలతాడును ఒక్కసారి తూస్తే ఊళ్లో సగం మంది పిల్లల లెక్క తేలింది. గుర్తులేదన్నవాళ్ల పిల్లలను లెక్క తెలియనివాళ్లుగా విడిగా రాశారు. నిశాంత్ చదివేవాడు, హిమజ రాసేది, మధ్యలో ఎవరో ఒకరు ఇద్దరికీ మజ్జిగ ఇచ్చేవారు.

సొమ్ముల బరువు తీసేశాక చూస్తే పిల్లలు పెరిగారు. చక్కగా పెరిగారు. ఒక్క రిత్విక తప్ప. మంగ అనే పత్తి కూలీ కూతురు ఆ పాప.

ఆ సాయంత్రం మాస్టారు హిమజను పక్కకు పిలిచారు. ఆయన చెడ్డమనిషి కాదు, జావ ఆగిపోతుందేమోనని భయం.

"ఇంతమంది పెరిగారు తల్లీ. ఆ ఒక్క పాపను కూడా లెక్క తెలియనివాళ్లల్ల కలిపేద్దాం. ఆ ఒక్కటి చూసి ట్రస్టోళ్లు వెనక్కి పోతే, నష్టపోయేది పిల్లలందరు."

హిమజ గోరింట రంగు మిగిలిన వేలితో నా ముల్లును సున్నా దగ్గరికి సర్ది, అప్పుడు అంది:

"ఆ పాప సంగతి మనకి తెలుసు మాస్టారూ. మంగ ఆ రోజు పనికెళ్లి ఆలస్యంగా వచ్చింది. అప్పటికి ఫొటోలు అయిపోయాయి, మొలతాడు బుచ్చమ్మగారి పెట్టెలోకి వెళ్లిపోయింది. ఒంటి మీద ఏమీ లేకుండా తూచింది ఆ పాపనొక్కదాన్నే. రెండుసార్లూ సరిగ్గా తూచింది కూడా ఆ పాపనే. ఆ అంకె తీసేసి, మిగతావన్నీ నమ్మమని ఎలా అడుగుతాం?"

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని, ఉన్నదున్నట్టు రాయమన్నారు. మొదటి తూకంలో తాము చేసిన పొరపాటు, దాన్ని సరిదిద్దిన తీరు, పెరగని పాప, అన్నీ రిపోర్టులోకి వెళ్లాయి. ఫొటో ఒక్కటీ పెట్టలేదు.

జవాబు కోసం చూస్తూ హిమజ ఊరికే కూర్చోలేదు. మంగ పొద్దున్నే పత్తి తీయడానికి వెళ్లిపోతే, ఇంట్లో కాచిన జావ పెద్దపిల్లలిద్దరే తాగేస్తున్నారని అడిగి తెలుసుకుంది. పాపకు తన గుమ్మంలోనే పట్టిస్తానని బుచ్చమ్మ ఒప్పుకుంది.

ట్రస్టు నుంచి ఫోన్ వచ్చిన రోజు నేను చిగురు ఆఫీసులో మేకుకు వేలాడుతున్నాను. పొడి ఆపబోమని అవతలి ఆవిడ చెప్పింది. పెరిగిన పిల్లల గురించి ఒక్క మాటా అడగలేదు. "ఆ పెరగని పాప ఇప్పుడెలా ఉంది?" అని మాత్రం అడిగింది. మాస్టారు హిమజ వైపు చూశారు. హిమజ నన్ను మేకు మీంచి తీసింది.

స్కూటరు మీద మేం ఎర్రగుట్టపల్లి చేరేసరికి మంగ పని నుంచి అప్పుడే వచ్చింది. గుమ్మానికి నన్ను కట్టారు. రిత్వికకు గౌను కూడా విప్పి ఉయ్యాలలో వేశారు. పాప చిలక ముక్కును పట్టుకుని లాగింది, ముల్లు అటూ ఇటూ ఊగింది. నిశాంత్ ముల్లు దగ్గరికి వంగాడు. పాప కుదురుకుంది, నేనూ కుదురుకున్నాను. ముల్లు పాత అంకెను దాటి నిలిచింది.

హిమజ ఆ అంకెను ఊరంతా వినిపించేలా చెప్పబోయింది. మంగ గబుక్కున ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"రాసుకో అక్కా, ఎంతమందికన్న రాసి పంపు. గట్టిగ మాత్రం అనకు. నా బిడ్డకు దిష్టి తగుల్తది."

పత్తి పొట్టు అంటుకున్న ఆ అరచేతి వెనక హిమజ కళ్లతోనే నవ్వింది. అంకె చప్పుడు లేకుండా కాగితం మీదికి వెళ్లింది. పాపను కిందికి దించేదాకా ముల్లును అక్కడే, వెంట్రుకవాసి కదలనివ్వకుండా పట్టుకుని ఉన్నాను.