నా మీద పడిన పలుకన్నం నింద

నేను ఒక ఇత్తడి గిన్నెను. అన్నం వార్చే గిన్నెను. ముందే చెప్పుకోవడం ఎందుకంటే, లా పాజ్ అనే ఊళ్ళో నన్ను చేతకానిదాన్నన్నారు. అన్నవాడు నా అన్నం తిని పెరిగినవాడే.

పుట్టింది ఇత్తడి సామాన్లు చేసే అజ్జరంలో. సుత్తిదెబ్బలు తిని గుండ్రమయ్యాను. అమ్మాజీ నన్ను కొని, లోపల కళాయి పెట్టించి పొయ్యెక్కించింది. కోతలకొచ్చిన కూలీలకి వండాను, దినాలకొచ్చిన చుట్టాలకి వండాను. మెతుకు పలుకుగా ఉందన్న నోరు లేదు. తింటున్నంతసేపూ మనుషులు గిన్నె ఊసెత్తరు. మాకు అదే మెచ్చుకోలు.

అమ్మాజీ కొడుకు అబ్బులు. తీగల మీద మనుషుల్ని మోసే పెట్టెలు బిగించడం అతని పని. ఆ పని మీదే రెండేళ్ళకి దక్షిణ అమెరికా వెళ్ళాల్సొచ్చింది. కొత్త పెళ్ళాం లోవకుమారీ బయల్దేరింది. "ఇది ఉంటే నీ వంటకి తిరుగుండదమ్మాయ్" అంటూ అమ్మాజీ నా కడుపులో చింతపండు కుక్కి, కోడలి పెట్టెలో చీరల మధ్య పెట్టింది.

విమానం కిందికి దిగనక్కర్లేకపోయింది. ఊరే పైకొచ్చి నిలబడింది. చుట్టూ కొండలకి అతుక్కున్న ఎర్రిటుకల ఇళ్ళు, వాటి వెనక మంచుకొండ. అద్దె ఇంటి మెట్లెక్కుతూనే అబ్బులు ఆయాసంతో కూలబడ్డాడు. తల పగిలిపోతోందన్నాడు. "ఈ ఊరి ఎత్తు వల్లేనండీ, అందరికీ ఇంతే, అలవాటైపోద్ది" అని తోటి పనివాళ్ళు చెబితే నమ్మాడు. కింద వాటాలో ఉండే ఇంటావిడ ఫెలిపా ఏదో ఆకు కాచి తెచ్చింది. పరికిణీ మీద పరికిణీ, నెత్తిన గుండ్రటి టోపీ. ఆ నీళ్ళు తాగి పడుకున్నాడు.

లోవకుమారి నన్ను పొయ్యి మీద పెట్టింది. ఎసరు తొందరగానే బుడబుడలాడింది. మనుషులు బుడగల్ని చూస్తారు. నీళ్ళు నా కడుపులో ఉన్నాయి కాబట్టి సంగతి నాకు తెలుసు. మరుగుతున్నాయి గాని, మా ఊరి ఎసరులా కాలడం లేదు. నోరుంటే అరిచి చెప్పేదాన్ని. ఆ పిల్ల బియ్యం పోసి, మెతుకు నలిపి చూసింది. పలుకు. ఇంకాసేపు ఉంచింది. మెతుకు పైన చిదికిపోయింది, లోపల పలుకు పలుకే.

"ఏంటే ఇది? కోళ్ళకి వెయ్యాలా?" అన్నాడు అబ్బులు.

మర్నాడు బియ్యం మార్చింది. ఆ మర్నాడు మంట పెంచింది. కళాయి పోయిందేమోనని నన్ను వెలుగులో తిప్పితిప్పి చూసింది. నాకు కోపమొచ్చినా, చూసిన కళ్ళల్లో నీళ్ళుంటే ఏమనను?

అబ్బులు తల్లికి ఫోన్ చేశాడు. అందరికీ వినబడేలా పెట్టి, నీ గిన్నె చేతకానిదన్నాడు.

"నా గిన్నెకి వంక పెట్టకురా. వంటన్నది చేతిలో ఉండాలి" అంది అమ్మాజీ.

నన్ను వెనకేసుకొచ్చిందని పొంగిపోలేదు. నన్ను నిలబెట్టడానికి ఆ పిల్లని పడగొట్టింది. ఇలాంటి మాటసాయం నేనడిగానా?

"నెలాఖరుకి నిన్ను ఊరు పంపేస్తాను. నేనిక్కడ ఏదో తిని చస్తాను" అని, అబ్బులు నన్ను ఎత్తి వసారాలోకి విసిరాడు. నడుము సొట్ట పడింది. నా సొట్ట సరే. అన్నం వండడం రాక తిరిగొచ్చిందన్న పేరు పడితే, అది ఆ పిల్లకి జన్మలో పోతుందా?

మర్నాడు గంజి వారుస్తుంటే మూత జారింది. గంజి ఆమె ఎడం మణికట్టు మీద పడింది. కెవ్వుమని కుళాయి దగ్గరికి పరిగెత్తింది. చెయ్యి తుడుచుకుని చూసుకుంది. ఎర్రబడిందంతే, బొబ్బ లేదు. పుట్టింట్లో ఇలాగే గంజి పడిన కుడి మణికట్టు మీద మచ్చ ఇంకా ఉంది. రెండు చేతులూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

ఫెలిపాని పిలుచుకొచ్చింది. ఉడుకుతున్న నీళ్ళు చూపించింది, ఉడకని మెతుకు చూపించింది. ఆవిడ మెతుకు కొరికి, బంగారు పన్ను కనబడేలా నవ్వింది. మంచుకొండ వైపు చెయ్యి చూపి, ఆ చేతినే నెత్తి కన్నా పైకెత్తి, నీళ్ళని చూస్తూ తల అడ్డంగా ఊపింది. కిందికెళ్ళి మసిబారిన కుక్కరొకటి తెచ్చి, మూత బిగించి చూపించింది. ఆవిరి పోకుండా ఆపితేనే ఇక్కడ వేడి.

ఆ పూట అన్నం మెత్తగా ఉడికింది. అబ్బులు మారు వడ్డించుకుని తిని, "కుక్కరు మంచిది" అన్నాడు.

చూశారా? ఎత్తువల్ల తల నొప్పెడుతుందంటే మొదటిరోజే నమ్మిన మనిషి, అన్నం పలుకైతే మాత్రం పెళ్ళాం చేతిని అనుమానించాడు. ఇప్పుడు మంచి పేరు కుక్కరుకి!

"కుక్కరు సంగతి కాదండీ. ఈ ఎత్తులో నీళ్ళు కాలకుండానే మరుగుతున్నాయి" అంటూ లోవకుమారి రెండు మణికట్లూ అతని కంచం ముందు పెట్టింది. అతని ఫోన్‌లోనే అత్తగారికి చేసి, అందరికీ వినబడేలా పెట్టింది. "అత్తయ్యా, మీ గిన్నె మంచిదే. నా చెయ్యీ మంచిదే. ఊరు ఎత్తు."

అవతల నుంచి అమ్మాజీ అడిగింది. "ఆ కుక్కర్లో గంజి వార్చొచ్చా?"

"కుదరదండి."

"మరదేం అన్నమే తల్లీ!"

లోవకుమారి నవ్వి, ఫోన్ పెట్టేసి, "నా టిక్కెట్టు ఎప్పటికండీ?" అనడిగింది.

"ఊరుకోవే. కూర వెయ్యి" అన్నాడు అబ్బులు. తప్పయిందన్న మాట ఆ నోట ఈనాటికీ రాలేదు.

నా తప్పు లేదని తేలింది గాని, పొయ్యి మాత్రం నాకు తిరిగి రాలేదు. ఇప్పుడు నాలో బియ్యం నానబోస్తారు. మిగతావేళ కిటికీ గట్టు మీద ఉంటాను. వచ్చినవాళ్ళు ఎంత అందమైన గిన్నె అంటారు. సొట్ట కనబడకుండా గోడ వైపు తిప్పి పెట్టాడోసారి అబ్బులు.  లోవకుమారి వచ్చి, అతను భోజనానికి కూర్చునే చోటికి సొట్ట ఎదురుగా ఉండేలా నన్ను మళ్ళీ తిప్పి పెట్టింది.